ఆఫీసు ఉద్యోగికి ల్యాప్‌టాప్ ఎంపిక – 3వ పాఠం: స్టిక్కరు కాదు, నంబరు చదవాలి

ఉద్యోగి రోజంతా ఏమేం పనులు చేస్తారో గత పాఠంలో కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈ పాఠానికి అదే ఆధారం. మన ఉదాహరణ తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసు. లెక్కలు చూసే అమ్మాయి పొద్దున తెరిచిన టాలీని సాయంత్రం దాకా మూయదు. లారీ కదిలే ముందు ఈ-వే బిల్లు తీయాలి. క్రోమ్‌లో జీఎస్టీ పోర్టల్, వాట్సాప్ వెబ్, ఇంకోపక్క ఎక్సెల్‌లో బండల సైజుల లెక్క. బడ్జెట్ 45 వేల నుంచి 60 వేల లోపు.

అనంతపురంలో టవర్‌క్లాక్ చుట్టుపక్కల ఏ షాపులో అడిగినా మొదట వినిపించే మాట, ‘ఐ5 తీసుకోండి సార్, ఐ3 అయితే స్లో’ అని. చిన్న వ్యాపారం చేసేవాళ్లు అనవసరంగా ఎక్కువ పెట్టేది ఈ మాట నమ్మే. అందుకే పాఠంలో ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాను.

ఐ3, ఐ5 అనేవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల (ల్యాప్‌టాప్‌కు మెదడు లాంటి చిప్‌ల) వరుస పేర్లు మాత్రమే. విషయమంతా ఆ పక్కన ఉండే నంబరులో ఉంటుంది. ఐ3-1215యూ తీసుకోండి. మొదటి రెండంకెలు 12, అంటే 12వ తరం. చివర ‘యూ’ అంటే తక్కువ కరెంటుతో నడిచేది. ఇందులో 6 కోర్లు (ప్రాసెసర్ లోపల పనిచేసే భాగాలు): 2 పెద్దవి, 4 చిన్నవి. ఐ5-1235యూలో 10 ఉన్నా, పెద్దవి మాత్రం అందులోనూ 2 మాత్రమే. టాలీ, ఎక్సెల్ పనికి ఎక్కువగా అక్కరకొచ్చేది ఒక్కో పెద్ద కోరు వేగమే కాబట్టి మన అమ్మాయికి ఈ రెంటి మధ్య తేడా పెద్దగా తెలియదు. అదే పాత స్టాకులోనో, రీఫర్బిష్డ్‌లోనో (వాడినదాన్ని బాగుచేసి అమ్మేవాటిలో) ఐ5-1035జీ1 చూపిస్తే, అది 2019 నాటి 10వ తరం, 4 కోర్లది. స్టిక్కరు మీద ఐ5 అనే ఉంటుంది, పనిలో మాత్రం 12వ తరం ఐ3నే ముందుంటుంది.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్లలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కనే పెడితే ఒక్క అంకె తేడా. ఈ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520లో ఆ అంకె 2, అంటే జెన్ 2, 2019లో వచ్చిన డిజైన్, 4 కోర్లు. 7530లో 3, అంటే జెన్ 3, 6 కోర్లు. రెండు వేలో మూడు వేలో తేడా ఉంటే కళ్లు మూసుకుని 7530 తీసుకోండి. 7520యూతో ఇంకో ఇబ్బంది ఉంది: దానికి ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే మెమరీ) బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేం.

ర్యామ్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను: ఆఫీసు పనికి 16 జీబీ కావాలి. విండోస్ 11, టాలీ, క్రోమ్‌లో పదిహేను ట్యాబులు తెరిచేసరికి 8 జీబీ దాదాపు నిండిపోతుంది. బడ్జెట్ సరిపోకపోతే ఇప్పుడు 8 జీబీది కొని ఆర్నెల్ల తర్వాత ఇంకో 8 వేయించుకోవచ్చు, కానీ స్లాటు (ర్యామ్ గుచ్చే చోటు) ఖాళీగా ఉంటేనే. అది షాపులోనే తేల్చుకోవచ్చు. డెమో ల్యాప్‌టాప్ ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కండి. కింద ‘స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2’ అని ఉంటే ఒకటి ఖాళీ. దాని పక్కనే ‘ఫారం ఫ్యాక్టర్’ చూడండి. ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే మార్చుకోగలిగినది, ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించినది. ‘ఇంకో ర్యామ్ వేయించుకుంటే వారంటీ పోతుందా అన్నా?’ అని కూడా అప్పుడే అడిగి, జవాబు బిల్లు మీద రాయించుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్టోరేజ్ (ఫైళ్లు దాచే చోటు) 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అనే వేగమైన రకం ఉండాలి, ఈఎంఎంసీ అనే నెమ్మది రకం అంటే వద్దనండి. లెక్కల మనిషికి కీబోర్డులో విడిగా నంబర్ ప్యాడ్ ఉండాలి. 14 అంగుళాల వాటిలో చాలావరకు అది ఉండదు, కాబట్టి 15.6 చూడండి. డిజిటల్ సంతకం టోకెన్‌కు, ప్రింటర్‌కు, మౌస్‌కు మామూలు వెడల్పు యూఎస్‌బీ పోర్టులు కనీసం రెండు కావాలి.

బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందని పెట్టె మీద రాస్తారు, దాన్ని పక్కన పెట్టి వాట్-అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) చూడండి. 41 వాట్-అవర్ల బ్యాటరీ, సుమారు 9 వాట్లు తాగే ఆఫీసు పనిలో నాలుగున్నర గంటలు. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ వైఫై రౌటరు ఆగిపోతుంది, గేటు దగ్గర లారీ ఈ-వే బిల్లు కోసం నిలబడి ఉంటుంది. రౌటరుకు చిన్న యూపీఎస్ కూడా బడ్జెట్‌లో రాసుకోండి. పాలిష్ ఫ్యాక్టరీల్లో రాతి పొడి ఫ్యాను రంధ్రాల్లోకి చేరుతుంది. ల్యాప్‌టాప్‌ను మిషన్ల వైపు కిటికీ పక్కన పెట్టకూడదని అమ్మాయికి మొదటిరోజే చెప్పండి.

ఇప్పుడు అభ్యాసం. ఒకే ధరకు రెండు ఉన్నాయనుకోండి. మొదటిది రైజెన్ 5 7520యూ, 16 జీబీ, రో ఆఫ్ చిప్స్. రెండోది ఐ3-1215యూ, 8 జీబీ, ఎస్ఓడిమ్, స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2. మీరు రాసుకున్న పనుల కాగితం ముందు పెట్టుకుని ఏది కొంటారో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. ఈ పూట పనికి, మూడేళ్ల తర్వాతి పనికి జవాబు ఒకటేనా అన్నది కూడా చూడండి. బిల్లులో జీఎస్టీ నంబరు వేయించడం, ఆన్‌సైట్ వారంటీ సంగతి 4వ పాఠంలో.