జీఎల్ఎఫ్‌డబ్ల్యూ విండోతో వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

గ్రాఫిక్స్ చిప్పుతో బొమ్మ గీయించే ప్రోగ్రామింగ్ పద్ధతులైన ఓపెన్‌జీఎల్‌తో గానీ వల్కన్‌తో గానీ పని చేయాలంటే ముందుగా ఒక విండో కావాలి. విండోస్, మ్యాక్‌ఓఎస్, లినక్స్ మూడింటిలోనూ ఒకే సీ కోడుతో ఆ విండోను తెరిచి, కీబోర్డు, మౌస్ కదలికలను మన ప్రోగ్రాముకు చేరవేసే చిన్న లైబ్రరీ జీఎల్ఎఫ్‌డబ్ల్యూ. ఖిలా వరంగల్ కీర్తితోరణాన్నో వేయిస్తంభాల గుడి మండపాన్నో త్రిమితీయ నమూనాగా చూపాలని ప్రాజెక్టు మొదలుపెట్టే హనుమకొండ, కాజీపేట విద్యార్థులకు నమూనా కంటే ముందు ఈ విండో దగ్గరే పని ఆగిపోతుంటుంది. ఫంక్షన్ల పేర్లకు ముందుండే లైబ్రరీ పేరును ఇక్కడ వదిలి రాస్తున్నాను.

లక్షణం ఏదైనా మొదటి పని ఒకటే: లైబ్రరీని ప్రారంభించే ఇనిట్ కంటే ముందే సెట్ ఎర్రర్ కాల్‌బ్యాక్‌ను (కాల్‌బ్యాక్ అంటే ఏదైనా జరిగినప్పుడు లైబ్రరీ తానుగా పిలిచే మన ఫంక్షన్) పిలిచి, లైబ్రరీ చెప్పే దోష వివరణ టెర్మినల్‌లో కనబడేట్టు చేసుకోవాలి. లైబ్రరీ ప్రారంభం కాకముందే పిలవదగిన కొద్ది ఫంక్షన్లలో ఇదొకటి. దోషమేమిటో అడగకుండా లైబ్రరీని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం నా దృష్టిలో వృథా ప్రయాస.

విండో తెరుచుకోదు, క్రియేట్ విండో నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది

మనం అడిగిన ఓపెన్‌జీఎల్ వెర్షన్‌ను ఆ కంప్యూటరులోని డ్రైవరు ఇవ్వలేకపోవడమే దీనికి ఎక్కువసార్లు కారణం. ల్యాబులో విండోస్‌ను కొత్తగా వేసి గ్రాఫిక్స్ డ్రైవరు వేయడం మరిచిపోతే, డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తుంది; అప్పుడు దొరికేది ఓపెన్‌జీఎల్ 1.1 మాత్రమే కనుక 3.3 అడిగితే విఫలమవుతుంది. జనగామలో ఇంటి నుండి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా కళాశాల కంప్యూటరులోకి వెళ్లి నడిపినప్పుడు కూడా కొన్నిసార్లు ఇదే పరిస్థితి ఎదురవుతుంది. గ్రాఫిక్స్ చిప్పు తయారీదారు ఇచ్చే డ్రైవరును వేయడమే సరైన పరిష్కారం. అందుకు అనుమతి లేని చోట, గ్రాఫిక్స్ చిప్పు లేకుండా ప్రాసెసరుతోనే గీసే మీసా సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్ డీఎల్ఎల్‌లను ప్రోగ్రాము పక్కనే ఉంచితే నిదానంగానైనా పని నడుస్తుంది.

మ్యాక్‌లో సంగతి వేరు. ఆపిల్ 4.1 దగ్గరే ఆగిపోయింది, 2018 నుండి ఓపెన్‌జీఎల్‌ను నిరుత్సాహపరుస్తూనే ఉంది. అందువల్ల 4.3 కోసం రాసిన పాఠంలోని కోడు అక్కడ నడవదు, 3.2 లేదా అంతకు పైవెర్షన్ అడిగేటప్పుడు పాత ఫంక్షన్లను వదిలేసిన కోర్ ప్రొఫైల్ కావాలనే సూచన (హింట్) తప్పక ఇవ్వాలి. ఇలాంటి విండో హింట్‌లు ఇనిట్ తరువాత, క్రియేట్ విండోకు ముందు ఉండాలి. విండో పుట్టిన తరువాత ఇచ్చిన హింట్ దానికి వర్తించదు, ఆపై సృష్టించే విండోలకే వర్తిస్తుంది.

విండో మెరిసి వెంటనే ప్రోగ్రాము కూలిపోతుంది

ఓపెన్‌జీఎల్ ఫంక్షన్ల చిరునామాలు తెచ్చే గ్లాడ్ వంటి లోడరును, విండో కాంటెక్స్ట్‌ను (ఓపెన్‌జీఎల్ తన స్థితినంతా ఉంచుకునే చోటును) వాడుకలోకి తెచ్చే మేక్ కాంటెక్స్ట్ కరెంట్‌కు ముందే పిలిచారన్నమాట. ఆ రెండు పంక్తుల వరుస మార్చితే చాలు.

విండో తెల్లబడి 'నాట్ రెస్పాండింగ్' అంటుంది

ప్రధాన లూపులో, వచ్చిన ఈవెంట్లను (మీట నొక్కడం, మౌస్ కదలడం వంటివాటిని) అందుకునే పోల్ ఈవెంట్స్ లేకపోయినా, ఉండి కూడా చాలాసేపు దాని వంతు రాకపోయినా ప్రోగ్రాము స్తంభించిందని ఆపరేటింగ్ సిస్టమ్ భావిస్తుంది. పెద్ద నమూనా ఫైలును లూపు లోపలే చదవడం రెండో రకం తప్పు. ఫైలు చదవడాన్ని వేరే థ్రెడ్‌కు అప్పగించవచ్చు కానీ, విండో సృష్టి, ఈవెంట్ల పని ప్రధాన థ్రెడ్‌లోనే ఉండాలి. చదవడం పూర్తయిందని, ఏదైనా ఈవెంట్ వచ్చేదాకా ఆగే వెయిట్ ఈవెంట్స్‌లో నిద్రిస్తున్న లూపును లేపడానికి పోస్ట్ ఎంప్టీ ఈవెంట్‌ను ఏ థ్రెడ్ నుండైనా పిలవవచ్చు. విండోస్‌లో విండో అంచు పట్టుకుని లాగుతున్నంతసేపు బొమ్మ ఆగిపోవడం మాత్రం మన తప్పు కాదు. ఆ సమయంలో పోల్ ఈవెంట్స్ తిరిగి రాదు కనుక విండో రిఫ్రెష్ కాల్‌బ్యాక్‌లో గీయాలి.

బొమ్మ ఎడమవైపు కింది మూలలో, విండోలో పావు భాగంలోనే వస్తుంది

రెటీనా తెరపై విండో కొలత వేరు, పిక్సెళ్లలో ఫ్రేమ్‌బఫర్ (బొమ్మ గీసే మెమరీ) కొలత వేరు. పొడవు వెడల్పులు రెండింతలైతే విండో కొలతతో అమర్చిన వ్యూపోర్టు (బొమ్మ గీసే ప్రాంతం) పావు భాగాన్నే కప్పుతుంది. వ్యూపోర్టుకు ఎప్పుడూ గెట్ ఫ్రేమ్‌బఫర్ సైజ్ ఇచ్చే విలువలనే వాడాలి.

ఉబుంటులో విండో కనబడదు, కనబడినా కోరిన చోట నిలవదు

2024లో వచ్చిన జీఎల్ఎఫ్‌డబ్ల్యూ 3.4 నుండి ఒకే బైనరీ, లినక్స్‌లో విండోలను తెరపై చూపే వ్యవస్థలైన వేలాండ్, ఎక్స్11 రెండింటిలోనూ నడుస్తుంది. వేలాండ్‌లో మొదటిసారి గీసి, గీసినదాన్ని తెరకు పంపే స్వాప్ బఫర్స్ పిలిచేదాకా విండో తెరపైకి రాదు. విండో ఎక్కడ ఉండాలో నిర్ణయించే వీలు ప్రోగ్రాముకు ఉండదు, 3.4లో దాని ఐకాన్‌ను మార్చే వీలూ లేదు. స్థానం సంగతి లోపం కాదు, వేలాండ్ నియమం. స్థానం తప్పనిసరైతే ఇనిట్‌కు ముందు ఇనిట్ హింట్‌తో ఎక్స్11 ప్లాట్‌ఫామ్‌ను కోరాలి.

తెలుగు శీర్షిక ప్రశ్నార్థకాలుగా, తెలుగు టైపింగ్ ముక్కలుగా వస్తుంది

ఇంగ్లిషు పాఠాల్లో దాదాపు కనబడని ఈ చిక్కు మనకు ముఖ్యమైనది. లైబ్రరీ శీర్షికను యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) ఆశిస్తుంది. విజువల్ స్టూడియో కంపైలరు మాత్రం, వేరుగా చెప్పకపోతే, కోడులోని అక్షరాలను సిస్టమ్ కోడ్‌పేజీలోకి (విండోస్ పాత అక్షర పట్టికలోకి) మార్చడానికి ప్రయత్నిస్తుంది; తెలుగుకు అందులో చోటు లేనందున ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచి, కంపైలరుకు 'స్లాష్ యూటీఎఫ్-8' ఆప్షన్ ఇస్తే శీర్షిక సరిగా వస్తుంది.

టైపింగ్ విషయంలో చాలామంది కీ కాల్‌బ్యాక్ నుండి అక్షరాన్ని రాబట్టాలని చూస్తారు. అది చెప్పేది నొక్కిన మీట స్థానాన్నే, అదీ అమెరికన్ కీబోర్డు అమరిక ప్రకారం. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో 'క' నొక్కినా దానికి అది 'కే' మీటే. అక్షరాలు కావాలంటే క్యారెక్టర్ కాల్‌బ్యాక్‌ను వాడాలి. అది ఒక్కో యూనికోడ్ విలువను విడిగా, ధన, ఋణ గుర్తు లేని పూర్ణాంకంగా ఇస్తుంది, కనుక దాన్ని ఒక బైటు చరరాశిలో కుదించకూడదు. 'క్ష' అక్కడ క, పొల్లు, ష అనే మూడు విలువలుగా వస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా గీస్తే ఒత్తు విడిపోయి కనిపిస్తుంది. ఒత్తులను కలపడం ఈ లైబ్రరీ బాధ్యత కాదు, అసలు అక్షరాలు గీయడమే దాని పని కాదు; హార్ఫ్‌బజ్ లైబ్రరీతో అక్షర రూపాలను కూర్చి, ఫ్రీటైప్ లైబ్రరీతో గీయాలి. లిప్యంతరీకరణ పద్ధతిలో టైపు చేసేవారికి, మాట పూర్తికాకముందు కనబడే తాత్కాలిక పాఠాన్ని ప్రోగ్రాముకు అందించే సౌకర్యం 3.4లో లేదు. అందుచేత విద్యార్థి ప్రాజెక్టులకు ఇన్‌స్క్రిప్ట్ మేలని నా సలహా.

ఖాళీ విండోకే ఫ్యాను హోరెత్తుతుంది

కాంటెక్స్ట్‌ను కరెంట్ చేసిన తరువాత స్వాప్ ఇంటర్వల్‌ను (ఎన్ని తెర రిఫ్రెష్‌లకు ఒకసారి బొమ్మ మారాలో చెప్పే సంఖ్యను) ఒకటికి అమర్చండి. బొమ్మ కదలనిదైతే పోల్ ఈవెంట్స్‌కు బదులు వెయిట్ ఈవెంట్స్ వాడితే ప్రాసెసరుకు పనే ఉండదు.

వల్కన్ సర్ఫేస్ ఏర్పడదు

ఏమీ చెప్పకపోతే క్రియేట్ విండో ఓపెన్‌జీఎల్ కాంటెక్స్ట్‌ను కూడా సృష్టిస్తుంది, అలాంటి విండోపై వల్కన్ సర్ఫేస్ (వల్కన్ బొమ్మను విండోకు చేర్చే ఉపరితలం) కుదరదు. క్లయింట్ ఏపీఐ హింట్‌కు 'నో ఏపీఐ' విలువ ఇచ్చి విండోను మళ్లీ సృష్టించాలి; ఆ తరువాత మేక్ కాంటెక్స్ట్ కరెంట్, స్వాప్ బఫర్స్ పంక్తులను కోడు నుండి తొలగించాలి.