కిటికీ సీటు దొరికినా కొండలు కనిపించలేదా? సమస్య - పరిష్కారం

కడప, కర్నూలు (ఓర్వకల్లు) విమానాశ్రయాల నుంచి ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానాలు. అనంతపురం వాళ్లు బెంగళూరు వెళ్లి ఎక్కేవి ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్‌లు. ఈ రెండింటికీ సీటు లెక్క వేరు.

సమస్య: కిటికీలో రెక్క తప్ప ఏమీ లేదు.
ఏ320కి రెక్క పొట్ట కింద ఉంటుంది. సుమారు 10 నుంచి 20 వరుసల దాకా కింది నేలను అదే కప్పేస్తుంది. 1 నుంచి 7 వరుసల్లో, లేదా 24 దాటాక కూర్చోండి. వెనక సీట్లలో ఇంజిన్ వేడిగాలికి దృశ్యం కాస్త అలలాడుతుంది కాబట్టి ముందువే మేలు. ఏటీఆర్‌కు రెక్క నెత్తిమీద ఉంటుంది, నేలకు అడ్డం రాదు. అడ్డొచ్చేవి ప్రొపెల్లర్, ఇంజినే, అవి ముందు సగంలో ఉంటాయి. చివరి మూడో వంతు వరుసలు తీసుకోండి, మోత కూడా తగ్గుతుంది. పైగా ఏటీఆర్ 25,000 అడుగులు దాటదు. చెరువు కట్టలు, గుట్టల మీది గుళ్లు కూడా ఆనవాలు పట్టొచ్చు.

సమస్య: కిటికీ సీటే, పక్కన మాత్రం గోడ.
సీట్ల వరుసలు, కిటికీలు ఒకే కొలతతో ఉండవు. బోయింగ్ 737లో రెక్క దగ్గర కొన్ని వరుసల్లో ఏసీ గొట్టం గోడలోంచి పోతుంది, అక్కడ అసలు కిటికీయే పెట్టరు. సీటు మ్యాప్‌లో ఈ సంగతి చాలాసార్లు కనిపించదు. చెక్‌ఇన్ కౌంటర్‌లో అడిగితే మార్చే అవకాశం ఉంటుంది.

సమస్య: ఎండ కళ్లలో కొట్టి అంతా తెల్లగా కనిపిస్తోంది.
ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, బయలుదేరే ఊరు కిందికి, చేరే ఊరు పైకి వచ్చేలా తిప్పండి. మ్యాప్‌లో ఎడమ ఉన్నదే 'A' అక్షరం సీటు వైపు. ఇక సూర్యుడు వెనక ఉండే వైపు ఎంచుకోవడమే మిగిలింది.

కడప నుంచి చెన్నైకి ఆగ్నేయంగా పోతారు. పొద్దున కుడివైపు కూర్చుంటే శేషాచలం, తిరుమల కొండలు వెలుగులో కనిపిస్తాయి. సాయంత్రం అదే వైపు ఎండ ఎదురొస్తుంది, అప్పుడు ఎడమ తీసుకుని వెలికొండలు చూడండి. కడప నుంచి హైదరాబాద్‌కు మధ్యాహ్నం తర్వాతైతే కుడివైపు. నల్లమల మడతల మధ్య శ్రీశైలం జలాశయం నీలంగా మెరుస్తుంది. ఇవి నేరుగా గీసిన దారి లెక్కలు. గాలి, రద్దీని బట్టి పైలట్ పక్కకు పోవచ్చు.

చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి ఉంటాడు. తూర్పు-పడమర ప్రయాణాల్లో ఉత్తరం వైపు కూర్చోండి. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము పొగలా పరుచుకుంటుంది, ఏ సీటైనా దూరం మసకే. వానలు వెలిశాక పొద్దుటి విమానాలే బాగుంటాయి.

సమస్య: ఫొటోలో సొంత చొక్కా, వంకర ప్రొపెల్లర్ రెక్కలు.
లేత రంగు చొక్కా అద్దంలో పడుతుంది, ముదురు రంగుది వేసుకోండి. లెన్స్ అద్దానికి రెండు వేళ్ల దూరంలో పెట్టండి. ఆనిస్తే ఇంజిన్ అదురుకు ఫొటో చెదురుతుంది. ఫోన్ కెమెరా బొమ్మను వరుస వరుసగా చదువుతుంది, ఆలోపు ప్రొపెల్లర్ తిరిగిపోయి రెక్కలు వంగినట్టు వస్తాయి. ప్రొపెల్లర్ ఫ్రేములో లేకుండా చూసుకోవడమే దీనికి మందు. అద్దం అడుగున చిన్న రంధ్రం చుట్టూ మంచు పువ్వు కడితే తుడవకండి. అది పొరల మధ్య ఉంటుంది, కిందికి దిగేకొద్దీ అదే కరిగిపోతుంది.