స్టీరింగ్‌లో ఆట: అలైన్‌మెంట్‌కు పంపే ముందు లూజు ఎక్కడుందో పట్టుకోండి

స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రాలు కదలడం లేదన్నా, హైవే మీద బండి అటూ ఇటూ తేలుతోందన్నా చాలాచోట్ల మొదట చెప్పే మాట అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించమని. అరిగిన జాయింట్ల మీద చేసిన అలైన్‌మెంట్ నిలవదు. మెషీన్ మీద కొలత సరిగ్గానే వస్తుంది. మొదటి గుంతలో దిగగానే, జాయింట్‌లో ఎంత ఆట ఉందో అంతా చక్రం మళ్లీ పక్కకు జరుగుతుంది. ఆ డబ్బు వృథా. ఇంకో తొందరపాటు ఏకంగా ర్యాకే (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మార్చేయడం. ర్యాక్ ఖరీదైన పార్టు, అరుదుగా పోయేది కూడా. అందుకే చక్రం దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి.

ఇక్కడ చెప్పేవి ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, ఐ10 లాంటి కార్లకు వర్తిస్తాయి. అంటే ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండేది), ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉన్నవి.

ముందుగా కొలత

టైర్లలో గాలి కంపెనీ స్టిక్కర్‌లో ఉన్నంత పెట్టండి. గాలి తగ్గినా బండి తేలినట్టే ఉంటుంది. తర్వాత చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్ లాక్ విడిపించి, స్టీరింగ్ వీల్‌ను రెండు వేళ్లతో మెల్లగా కదపండి. బరువు తగిలేదాకా వీల్ అంచు ఎంత కదిలిందో స్కేలుతో చూడండి. మారుతి కార్ల మాన్యువల్ ఇచ్చే హద్దు 30 మి.మీ. అంతకు మించితే ఎక్కడో అరిగిందనే అర్థం.

లూజు పట్టుకునే పద్ధతి

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్షకు జాకీ కూడా అక్కర్లేదు. బండి నేల మీదే, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ఒకరు స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా, ఆపకుండా ఊపాలి. రెండో మనిషి చక్రం వెనక చెయ్యి పెట్టి, ఒక్కో జాయింట్ మీద వేలు రెండు ముక్కలకూ తగిలేలా ఆనించాలి. బాగున్న జాయింట్‌లో రెండూ కలిసే కదులుతాయి. అరిగిన దాంట్లో రాడ్ ముందు కదిలి, నకిల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) ఒక క్షణం ఆగి కదులుతుంది. ఆ 'టక్' కంటికి కనబడకపోయినా వేలికి తెలుస్తుంది. టై రాడ్ ఎండ్ (రాడ్ నకిల్‌కు తగిలే బయటి జాయింట్), రబ్బరు బూటు పైనుంచి లోపలి ర్యాక్ ఎండ్ (అదే రాడ్ ర్యాక్‌కు తగిలే జాయింట్), డ్రైవర్ కాళ్ల దగ్గర స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్, ఈ మూడూ ఇలాగే చూడాలి.

ఆ తర్వాత జాకీతో లేపి స్టాండ్ పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట్ల పట్టుకుని ఊపితే ఆట కనిపిస్తే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే ఆట ఉంటే బాల్ జాయింట్ (నకిల్‌ను కింది ఆర్మ్‌కు కలిపేది) లేదా వీల్ బేరింగ్. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి ఒకరిని బ్రేక్ తొక్కి పట్టమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోతే బేరింగ్, ఇంకా ఉంటే బాల్ జాయింట్.

లక్షణాన్ని బట్టి

గతుకుల్లో ముందు నుంచి టకటక, కానీ స్టీరింగ్ గట్టిగానే ఉంది: ఎక్కువగా స్టెబిలైజర్ లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి రెండు చివర్లా ఉండే చిన్న రాడ్లు). చవకైన పని, రెండు వైపులా మార్చండి.

బ్రేక్ వేయగానే ఒక్కసారి 'ధడ్' మని, బండి పక్కకు లాగుతోంది: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బాడీకి కలిపే చేయి) వెనక బుష్ (రబ్బరు కీలు). రబ్బరు చిరిగిపోతే బ్రేక్ పడినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది. కొత్త బుష్ వేశాక ఆర్మ్ బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది, కొన్ని నెలలకే మళ్లీ చిరుగుతుంది. కొత్త బుష్‌లు త్వరగా పోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తిప్పి వదిలాక స్టీరింగ్ మధ్యకు రావడం లేదు, నిలబడి తిప్పితే స్ప్రింగ్ 'టంగ్' మంటోంది: స్ట్రట్ మౌంట్ బేరింగ్ (స్ట్రట్ పైభాగం బాడీకి తగిలే చోటది). స్ప్రింగ్ మీద చెయ్యి పెడితే, స్టీరింగ్ తిప్పినప్పుడు అది ఎగిరెగిరి తిరగడం తెలుస్తుంది.

స్పీడుతో పెరిగే గుయ్‌మనే మోత, ఎడమకు తిప్పితే ఎక్కువవుతోంది: బరువు కుడి చక్రం మీద పడుతోంది కాబట్టి కుడి బేరింగ్.

గంటకు 80 కి.మీ. దాటితే స్టీరింగ్ వీల్ వణుకుతోంది: అది ముందు చక్రాల బ్యాలెన్సింగ్ సంగతి.

బాల్ జాయింట్‌లో ఆట కనబడితే మాత్రం ఆ బండి నడపొద్దు. అది ఊడితే చక్రం పక్కకు పడిపోయి, బండి అదుపు తప్పుతుంది. చాలా చిన్న కార్లలో ఇది లోయర్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది.

టై రాడ్ ఎండ్ మార్చడం

లాక్ నట్టు కొద్దిగా వదులు చేసి, అది ఎక్కడుందో పెయింట్‌తో గుర్తు పెట్టండి. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా ఆపేది) తీసి, నట్టు విప్పి, పుల్లర్‌తో ఊడదీయండి. పుల్లర్ లేకపోతే సుత్తి దెబ్బ నకిల్ కన్ను (జాయింట్ దూరే రంధ్రం) పక్కన పడాలి. మర మీద కొడితే మర పాడవుతుంది. పాత ఎండ్‌ను ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. అప్పుడు అలైన్‌మెంట్ షాపుదాకా బండి సరిగ్గా వెళ్తుంది. నట్టును మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించి కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. పిన్ రంధ్రం కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించాలి, వెనక్కి తిప్పకూడదు. బూటు చిరిగితే జాయింట్‌లోకి వాన నీళ్లు, మట్టి చేరి గ్రీజు పోతుంది, అందుకే కొత్తదాని బూటు మెలిపడకుండా చూడండి.

ఇవన్నీ గట్టిగా ఉండి ఆట ఇంకా మిగిలితేనే ర్యాక్ వైపు వెళ్లాలి. ర్యాక్ గైడ్ స్క్రూ (ర్యాక్‌ను పినియన్‌కు ఆనించి ఉంచేది) బిగిస్తే ఆట తగ్గుతుంది కానీ, ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మధ్యకు రాకుండా పట్టేస్తుంది. మాన్యువల్ చెప్పిన పద్ధతి ప్రకారం చేయగలిగిన చేతికే ఆ పని ఇవ్వండి.

చివర్లో అలైన్‌మెంట్. స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండి అయితే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ కూడా సరిచేయించమని షాపులో చెప్పండి.