హార్ట్‌ఫర్డ్‌కి బీఏగా వచ్చావా? ముందు ఆ తల ఊపడం మానెయ్

మొన్న బుధవారం రాత్రి పది దాటాక ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మా పెద్దమ్మ వాళ్ల ఊరివాడు, వరసకి తమ్ముడవుతాడు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి, హార్ట్‌ఫర్డ్‌కి వచ్చి ఏడు వారాలైంది. ఆరోగ్య బీమా ప్రాజెక్టులో బిజినెస్ అనలిస్ట్, అంటే బీఏ: క్లయింట్‌కి ఏం కావాలో అడిగి తెలుసుకుని, డెవలపర్లకి రిక్వైర్‌మెంట్లుగా రాసిచ్చేవాడు. ఆ రోజు మీటింగ్‌లో క్లయింట్ తరఫు ఆవిడ, "ఈ గ్రూప్ పంపే 834 ఫుల్ ఫైలా, చేంజ్ ఫైలా? ఏది అనుకుని రాశావు?" అని అడిగిందట. వీడు "ఎస్" అన్నాడట.

ఎస్ ఏమిట్రా అంటే, "కంగార్లో వచ్చేసిందన్నా" అంటాడు.

ఈ రంగంలో లేనివాళ్ల కోసం చెబుతాను. ఒక కంపెనీ (బీమా వాళ్ల భాషలో గ్రూప్) తన ఉద్యోగుల్లో ఎవరెవరికి బీమా ఉండాలో ఇన్సూరెన్స్ వాళ్లకి పంపే ఫైలు పేరు 834. ఫుల్ ఫైలయితే అందరి పేర్లూ ఉంటాయి. అందులో ఒక పేరు కనపడలేదంటే ఆ మనిషి ఉద్యోగం మానేసి ఉండొచ్చు. చేంజ్ ఫైలయితే ఏదో మార్పు ఉన్నవాళ్ల పేర్లే ఉంటాయి. పేరు లేదంటే ఏమీ మారలేదని అర్థం. మనవాడు రాసిన రిక్వైర్‌మెంట్ ఒకే ఒక్క వాక్యం: "ఫైల్లో లేని సభ్యుల కవరేజీ ముగించాలి." చేంజ్ ఫైలు మీద ఆ వాక్యాన్ని నడిపితే తెల్లారేసరికి ఆ కంపెనీలో దాదాపు అందరి బీమా ఎగిరిపోతుంది. మందుల షాపులో కార్డు చూపిస్తే పనిచేయదు.

వాణ్ని తిట్టాను. తిట్టి ఫోన్ పెట్టేశాక నా మొదటి ఆరు నెలలు గుర్తొచ్చాయి. అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్లు చిన్నవాళ్లే అనుకుని నువ్వు అంటున్నాను, పెద్దవాళ్లెవరైనా ఉంటే ఏమీ అనుకోవద్దు.

సోషల్ నంబరు, బ్యాంకు, ఫోను, లైసెన్సు గురించి నేను చెప్పను. అవి నీ రూమ్మేట్ చెప్తాడు. మంచు బూట్లు ఇండియాలో కొనుక్కురావద్దు, ఇక్కడే కొను. మిడిల్‌టౌన్‌లో సత్యనారాయణ స్వామి గుడి ఉంది, ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు వెళ్లు. ఇక పనిలోకి వద్దాం.

నేను వచ్చింది 2014 జనవరిలో. హార్ట్‌ఫర్డ్‌ని ఇన్సూరెన్స్ రాజధాని అంటారు, ఇక్కడ ఏ బస్సులో కూర్చున్నా పక్కవాడు బీమా కంపెనీ మనిషే అనిపిస్తుంది. నాకేమో బీమా అంటే తెలిసింది ఆరోగ్యశ్రీ కార్డు. మా నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు కార్డు చూపించాం, పని జరిగింది. డిడక్టిబుల్ అంటే ఏమిటో, కోఇన్సూరెన్స్ అంటే ఏమిటో ఎవరు చెప్పారు నాకు? మీటింగ్‌లో ఆ మాటలు వినపడ్డప్పుడల్లా తల ఊపాను. ఊపి, రాత్రి గదికొచ్చి వెతుక్కున్నాను.

నువ్వు అలా చేయకు. నీ ఉద్యోగంతో పాటు నీకూ ఒక ప్లాన్ ఇస్తారు కదా, దాని సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్ అనే పత్రం అడిగి తీసుకో. చట్టప్రకారం ఇచ్చి తీరాలి. నాలుగు కాగితాలకి మించదు, రెండు వైపులా కలిపి ఎనిమిది పేజీలు. అది చదివి నీకు నువ్వే ఒక లెక్క వేసుకో. చెయ్యి విరిగింది, ఆసుపత్రి బిల్లు 4,000 డాలర్లయింది, నీ డిడక్టిబుల్, అంటే బీమా వాళ్లు కట్టడం మొదలుపెట్టేలోపు నువ్వే కట్టుకోవాల్సింది, 1,500, ఆ పైన నీ వాటా, అంటే కోఇన్సూరెన్స్, 20 శాతం. నీ జేబులోంచి ఎంత పోతుంది? ముందు 1,500, మిగిలిన 2,500లో 500, మొత్తం 2,000. ఈ లెక్క చేతితో ఒక్కసారి వేసినవాడికి క్లెయిమ్స్ వాళ్ల మాటల్లో సగం అర్థమవుతాయి.

సరే, నా ఘనకార్యం చెబుతాను.

అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం ప్రకారం, పిల్లల్ని చేర్చుకునే ప్లాన్ ఏదైనా వాళ్లని 26 ఏళ్లు వచ్చే వరకు తల్లిదండ్రుల బీమాలో ఉండనివ్వాలి. మీటింగ్‌లో ఎన్‌రోల్‌మెంట్ వాళ్లు, అంటే సభ్యుల్ని చేర్చుకునే విభాగం వాళ్లు, "డిపెండెంట్లు 26కి టర్మ్ అవుతారు, అది తెలిసిందేగా" అన్నారు. నేను తల ఊపాను. తెలిసిందే కదా! డాక్యుమెంట్‌లో "డిపెండెంట్‌కి 26 ఏళ్లు వచ్చినప్పుడు కవరేజీ ముగియాలి" అని రాశాను. హైదరాబాద్‌లో ఉన్న డెవలపర్ ఏం చేస్తాడు, పుట్టినరోజు నాడు ముగిసేలా కోడ్ రాశాడు. టెస్టర్ నా డాక్యుమెంట్ చూసే టెస్ట్ కేసులు రాసింది కాబట్టి అన్నీ పాసయ్యాయి. అంతా పచ్చగా ఉంది.

యూఏటీలో, అంటే సాఫ్ట్‌వేర్‌ని వాడబోయేవాళ్లే కూర్చుని పరీక్షించే దశలో, ఒకావిడ కూర్చుంది. ఎన్‌రోల్‌మెంట్‌లో చాలా ఏళ్ల అనుభవం. నెల మధ్యలో పుట్టినరోజున్న ఒక టెస్ట్ సభ్యుణ్ని చూసి, "ఈ అబ్బాయి కవరేజీ నెల మధ్యలో ఎందుకు ఆగింది?" అని అడిగింది. వాళ్ల గ్రూపుల్లో చాలావాటికి పుట్టినరోజున్న నెల ఆఖరి రోజు దాకా కవరేజీ ఉంటుంది. కొన్నిటికి ఏడాది ఆఖరి దాకా. ఆ జనవరిలోనే అమల్లోకొచ్చిన ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ (కంపెనీ ద్వారా కాకుండా ఎవరికి వాళ్లు బీమా కొనుక్కునే చోటు) ప్లాన్లలో కూడా డిసెంబర్ 31 దాకా ఉంటుంది. అంటే ఒక్క తేదీ కాదు, గ్రూప్ గ్రూప్‌కీ మారే నియమం. దానికి గ్రూప్ సెటప్‌లో ఒక కొత్త ఫీల్డు కావాలి, పాత గ్రూపులన్నిటికీ ఆ ఫీల్డు నింపాలి. మూడు వారాలు పట్టింది. మా మేనేజర్ నన్ను ఒక్క మాట అనలేదు, "ఇంట్రెస్టింగ్" అన్నాడంతే. ఇక్కడ ఆ మాటకి అర్థం ఏమిటో నీకూ త్వరలోనే తెలుస్తుంది.

ఇందులో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. మా అమ్మమ్మ బడికి వెళ్లలేదు. ఎవరైనా పెళ్లి సంబంధం తెచ్చి అమ్మాయికి ఇరవై రెండు అంటే చాలు, "నిండాయా, నడుస్తున్నాయా?" అని అడిగేది. ఆ ప్రశ్న నేను మీటింగ్‌లో అడిగుంటే మూడు వారాలు మిగిలేవి. ఎంబీఏ చేసి, సర్టిఫికెట్లు పెట్టుకుని, అమ్మమ్మ అడిగే ప్రశ్న అడగలేకపోయాను. ఎందుకంటే తల ఊపుతున్నాను.

ఈ తల ఊపడం మన దగ్గర మర్యాద. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే "ఊఁ" కొట్టాలి, లేకపోతే వినట్లేదనుకుంటారు. అక్కడ ఊఁ అంటే వింటున్నానని అర్థం. ఇక్కడ ఊపితే ఒప్పుకున్నావని అర్థం, రేపు "ఆ రోజు నువ్వూ ఉన్నావుగా" అంటారు. పైగా మనం అటూ ఇటూ ఊపుతాం. మా పక్క సీటు ఆయన ఒకసారి నవ్వుతూనే, "నువ్వు అవునంటున్నావో కాదంటున్నావో ఆరు నెలలైనా పోల్చుకోలేకపోతున్నాను" అన్నాడు. అప్పటి నుంచి మీటింగుల్లో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నవ్వకు, పనిచేసింది.

"అర్థమైంది" అనడం కూడా తల ఊపడమే. అది మానేసి, నీకు అర్థమైంది నీ మాటల్లో తిరిగి చెప్పు. "నేను రాసుకుంది ఇది: మార్చి 9న 26 నిండితే, మార్చి 31 దాకా కవరేజీ. సరేనా?" అని. చూడు, తేదీ పెట్టి అడిగావు. తేదీ పెట్టగానే ఎదుటి మనిషికి మినహాయింపులు గుర్తొస్తాయి. "అంటే, యూనియన్ గ్రూపులకి అలా కాదు..." అని మొదలుపెడతారు. అదే నీకు కావలసింది. మామూలుగా అడిగితే మామూలు నియమమే చెప్తారు, మినహాయింపులు వాళ్ల తలలోనే ఉండిపోతాయి. అవి వాళ్లకి ఎంత అలవాటంటే, చెప్పాలని కూడా తోచదు. వాటిని బయటికి లాగడానికే నీకు జీతం ఇస్తున్నారు. చెప్పింది చెప్పినట్టు రాయడానికైతే మీటింగ్ రికార్డు చేసుకుంటే సరిపోతుంది, నువ్వెందుకు?

ఎక్కడ ఆగి అడగాలో కొన్ని మాటలు చెబుతాను. ఇంగ్లిష్‌లో "వీ" అన్నారా, ఆగు. మనకి మేము, మనం అని రెండున్నాయి, వాళ్లకి ఒక్కటే. "వీ విల్ సెండ్ ద ఫైల్" అంటే వాళ్లు పంపుతారని నేను, మా టీమ్ పంపుతుందని వాళ్లు, రెండు వారాలు ఎవరూ పంపకుండా కూర్చున్నాం. "త్రూ 31" అంటే 31వ తేదీ కూడా కలుపుకుని అని. మన "వరకు"లో అది కలిసిందో లేదో తేలదు, అందుకే మన బుర్ర దాన్ని పట్టించుకోదు. "షుడ్" అన్నారా, "మస్ట్" అన్నారా చూడు. మనకి రెండూ "చేయాలి"లో పడతాయి, డాక్యుమెంట్‌లో మాత్రం ఒకటి చేయకపోతే రిలీజ్ ఆగిపోతుంది, ఇంకోటి వచ్చే రిలీజ్‌కి పోతుంది. "ఈఓడీ" (ఎండ్ ఆఫ్ డే) అంటే ఎవరి రోజు ముగిసేసరికి? చలికాలంలో హార్ట్‌ఫర్డ్‌లో సాయంత్రం ఐదంటే హైదరాబాద్‌లో తెల్లవారుజాము మూడున్నర. మార్చిలో ఇక్కడ గడియారాలు ముందుకు జరుపుతారు, అప్పుడు రెండున్నర. ఆఫ్‌షోర్ వాళ్లతో మీటింగులన్నీ ఆ సోమవారం గందరగోళమే.

"యాక్టివ్ మెంబర్" అన్న మాట గురించి ఒక పుస్తకం రాయొచ్చు, వదిలేస్తున్నాను. బిల్లింగ్ వాళ్ల యాక్టివ్, క్లెయిమ్స్ వాళ్ల యాక్టివ్ ఒకటే అనుకోకు, అంతే. మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ ఉన్నవాళ్లు ప్రీమియం కట్టకపోతే మూడు నెలల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. మొదటి నెల క్లెయిములు చెల్లిస్తారు, తర్వాతి రెండు నెలలవి ఆపి ఉంచొచ్చు. మరి ఆ మనిషి రెండో నెలలో యాక్టివా కాదా? వెళ్లి ఇద్దర్నీ అడుగు, రెండు జవాబులు వస్తాయి.

ఇంకోటి. క్లయింట్ వచ్చి "ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ బటన్ కావాలి" అంటే బటన్ రాసుకుని వచ్చేయకు. ఎందుకు అని అడుగు, అదీ మర్యాదగా. "అది వచ్చాక మీరేం చేస్తారో ఒకసారి చూపిస్తారా?" అంటే చాలు. ఒకావిడ నాకు చూపించింది. రోజూ పొద్దున్నే నిన్నటి లిస్టు, ఇవాళ్టి లిస్టు రెండూ ప్రింట్ తీసి, స్కేలు పెట్టి వరసగా పోల్చుకుంటోంది. ఆవిడకి కావలసింది బటన్ కాదు, రెండింటికీ తేడా చూపించే లిస్టు. ఆవిడ పక్కన కూర్చున్న ఆ నలభై నిమిషాల్లో నేర్చుకున్నది నాకు ఏ సర్టిఫికేషనూ నేర్పలేదు.

మీటింగ్ అయిన రోజే మెయిల్ పెట్టు. రేపు కాదు. నువ్వు విన్నది, ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఏది తేలలేదు, అంతే. పది వాక్యాలు దాటితే ఎవరూ చదవరు. తేలనివి పైన పెట్టు, తేలినవి కింద. మన వాళ్లు తిరగేస్తారు, తేలనివి ఉన్నాయంటే తమ తప్పని.

మారేదాన్ని మారేదానిలాగే రాయి. నేను వచ్చినప్పుడు మా ఫ్లోర్‌లో సగం మంది ఐసీడీ-10 పనిలో ఉన్నారు. జబ్బుల కోడ్‌లు సుమారు 14 వేల నుంచి 68 వేల పైచిలుకుకి పెరుగుతున్నాయి, బాతు తగిలి దెబ్బ తగిలినా దానికో కోడ్ ఉంది, నిజంగానే, డబ్ల్యూ61.62. గడువు 2014 అక్టోబర్ 1. అందరూ పరుగులు. ఏప్రిల్‌లో ఒక చట్టం వచ్చి దాన్ని వెనక్కి నెట్టింది, చివరికి అమలైంది 2015 అక్టోబర్ 1న. తేదీని ఒక టేబుల్లో పెట్టించినవాళ్లు ఒక గడి మార్చుకున్నారు. రిక్వైర్‌మెంట్‌లో తేదీని గట్టిగా బిగించి రాసినవాళ్లు మళ్లీ మొదటినుంచీ టెస్ట్ చేయించుకున్నారు.

కోపం తెచ్చుకోకు గానీ, రెజ్యూమెలో ఏడేళ్లు ఎక్కువ వేసుకుని వచ్చినవాళ్లకి నా సలహాలు పనిచేయవు. ఏడేళ్లు చేసినవాడు "డిడక్టిబుల్ అంటే ఏమిటి?" అని అడగలేడు కదా. అడగలేక తల ఊపుతాడు. ఆ అబద్ధంలో నాకు కనపడే అసలు నష్టం అదే, నీతి సంగతి పక్కన పెట్టు. కొత్తవాడిగా వచ్చిన వాడికి మొదటి మూడు నెలలు ఏం అడిగినా చెల్లుతుంది. ఆ అవకాశాన్ని పాడుచేసుకోకు. నాలుగో నెలలో అదే ప్రశ్నకి వాళ్ల మొహాలు మారతాయి.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఇక్కడివాళ్లు అడిగితే చెప్తారు. విసుక్కునేవాళ్లు ఉంటారు, కానీ తక్కువ. ఇరవై ఏళ్లు ఒకే పని చేసినవాళ్లని దాని గురించి ఎవరూ అడగరు, నువ్వు అడిగితే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. యూఏటీలో నా తప్పు పట్టిన ఆవిడే తర్వాత రెండేళ్లు నాకు పాఠం చెప్పింది. ఆ మూడు వారాల తప్పు తర్వాత కూడా నా ఉద్యోగం పోలేదు. నీదీ పోదు, బహుశా.

మనవాడు గురువారం పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్లి, "నిన్న నాకు ప్రశ్న అర్థం కాలేదు, అర్థమైనట్టు ఎస్ అన్నాను" అని చెప్పాడట. ఆవిడ నవ్వి, అరగంట బోర్డు మీద గీసి చూపించిందట. ఆ గ్రూప్ రోజూ చేంజ్ ఫైలు పంపుతుంది, నెలకోసారి ఫుల్ ఫైలు. ఫుల్ ఫైల్లో పేరు లేకపోయినా వెంటనే తీసేయరు, ఒక రిపోర్టులో పెట్టి కంపెనీని అడుగుతారు. బోర్డు ఫొటో నాకు పంపి, "అన్నా, ఇప్పుడు పదకొండు రిక్వైర్‌మెంట్లయ్యాయి" అని మెసేజ్ పెట్టాడు.

పన్నెండోది అడగలేదు వాడు. ఆ కంపెనీ జవాబు ఇవ్వకపోతే ఏం చేయాలి? శనివారం పొద్దున్న పదికి ఫోన్ చేయమన్నాను, ఈస్టర్న్ టైమ్.