మోకాలి నొప్పి బిళ్లలతో తగ్గట్లేదా? ముందు సంచి బోర్లించండి

మెడికల్ షాపు కౌంటర్ వెనక కొత్తగా నిలబడుతున్న డీఫార్మ్, బీఫార్మ్ పిల్లల కోసం రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు, కొబ్బరి తోటల్లో కూలికెళ్లే మగవాళ్లు, యాభై దగ్గర పడేసరికి మోకాలు పట్టుకునే షాపు మెట్లెక్కుతారు. అరుగుదల, అంటే కీలులోని మెత్తటి ఎముక అరిగిపోవడం, మీకు చెప్పక్కర్లేదు. మోకాలు ఎర్రగా వేడిగా ఉబ్బి జ్వరం వచ్చినా, కిందపడ్డాక కాలు మోపలేకపోయినా ఆ మనిషిని ఆసుపత్రికి పంపాలని కూడా తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: "జెల్ రాస్తున్నా తగ్గట్లేదు"

ట్యూబు ఎన్నాళ్లు వచ్చిందో అడగండి. 30 గ్రాముల ట్యూబు రెండు నెలలు వచ్చిందంటే అది మందు రాయడం కాదు, బొట్టు పెట్టుకోవడం. డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి ఒక్కసారికి 2 నుంచి 4 గ్రాములు, రోజుకి మూడు నాలుగు సార్లు పట్టాలి. లెక్కేస్తే ట్యూబు వారం కూడా రాదు, ఆ ఖర్చు సంగతి ముందే చెప్పేయండి, లేకపోతే రెండో ట్యూబుకి రారు. బిళ్లతో పోలిస్తే ఒంట్లోకి వెళ్లే మందు చాలా తక్కువ కాబట్టి అరుగుదల నొప్పికి మొదట వాడి చూడాల్సింది ఇదే. కిడ్నీ జబ్బు ఉందని తెలిసినవాళ్లయితే మాత్రం జెల్‌కి కూడా డాక్టరునే అడగమనండి.

సమస్య: "కర్ర పట్టుకున్నా నొప్పే"

చెయ్యి మార్పించండి. కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

సమస్య: "మోకాలు పరవాలేదు, బీపీయే దిగట్లేదు, కాళ్లు ఉబ్బుతున్నాయి"

దీని దగ్గర నేను దెబ్బతిన్నాను. జీడిపప్పు పని చేసే ఒక పెద్దమ్మ నెలనెలా బీపీ బిళ్లలకి వచ్చేది. మొదట ఒక మందు, తర్వాత డోసు పెంచారు, ఆ తర్వాత నీళ్ల బిళ్ల (ఒంట్లో నీటిని మూత్రంలో బయటికి పంపేది) కలిపారు. చీటీలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చేవాణ్ణి, ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఓ రోజు చిల్లర కోసం వెతుకుతూ సంచి కౌంటర్ మీద బోర్లించింది. టౌన్ డాక్టరు రాసిన ఎసిక్లోఫెనాక్ పారాసిటమాల్ స్ట్రిప్పు, ఊళ్లో ఆర్ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చిన డైక్లోఫెనాక్, తలనొప్పికని కిరాణా కొట్లో కొన్న ఐబుప్రోఫెన్. "ఏటి బాబూ అలా సూస్తన్నావు, ఒకటి మోకాలికి, ఒకటి నడుముకి, ఒకటి తలకి" అంది. ఆవిడ లెక్కలో మూడు మందులు, నిజానికి ఒకే జాతి నొప్పి మందు (ఎన్ఎస్ఏఐడీ అంటారు) మూడు పేర్లతో. అందులో మొదటి స్ట్రిప్పు అమ్మింది నేనే. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోమని పంపితే ఎక్కువే వచ్చింది.

ఈ జాతి బిళ్లలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీ మందు పనిని వెనక్కి లాగుతాయి. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, నీళ్ల బిళ్ల, నొప్పి బిళ్ల మూడూ ఒకే ఒంట్లో కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఎండలో పనిచేసి నీళ్లు సరిగా తాగకపోయినా, రెండు రోజులు విరేచనాలైనా ఇంకా వేగంగా దెబ్బ తగులుతుంది. మా ఉద్దానంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, నొప్పి బిళ్లల వల్లే వచ్చిందని నేననను, కానీ పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టాల్సి వచ్చిన ప్రాంతంలో కూర్చుని ఈ బిళ్లలు అడిగిందే తడవుగా పది పది చొప్పున కత్తిరించి ఇవ్వడం ఏం పనో మీరే చెప్పండి.

కాబట్టి "ఇంకేమైనా వేసుకుంటున్నారా?" అని అడగొద్దు, "లేదు" అనే వస్తుంది. ఆర్ఎంపీ పొట్లం, కిరాణా బిళ్ల వాళ్ల దృష్టిలో మందులే కావు. ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసి తెమ్మనండి, బోర్లించండి, స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు మీరే చదవండి. రెండు ఒకే జాతివి కనబడితే మీకు మీరే తేల్చేయకుండా రాసిన డాక్టరుకి ఫోన్ చెయ్యండి, ఏది ఆపాలో ఆయన చెప్తారు. బీపీ బిళ్ల మాత్రం సొంతంగా మానొద్దని గట్టిగా చెప్పండి, లేకపోతే భయంతో అన్నీ కలిపి మానేస్తారు. ఎమ్లోడిపిన్ అనే బీపీ మందు వాడేవాళ్లకి దానివల్ల కూడా పాదాలు వాస్తాయి, ఫోన్లో అదీ చెప్పండి.

బిళ్ల తగ్గించాక నొప్పి తిరిగొస్తుంది. జెల్ సరిగ్గా పట్టించడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తూ కూర్చుంటూ వ్యాయామం చేయడం, పీట మీద ఒలిచే పని బల్ల మీదకి మార్చుకోవడం, ఇవి అప్పుడే చెప్పాలి. బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందంటే చాలామంది వింటారు.

మిగతావి

పొద్దున లేచాక గంట దాటినా కీళ్లు బిగుసుకునే ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు, డాక్టరు దగ్గరికి. కీళ్లకి మంచిదని అమ్మే గ్లూకోసమైన్ అడిగితే డబ్బు దండగని చెప్తాను, అమ్మకం పోతే పోయింది. నాటు మందు గుండ తిన్న రెండు రోజులకే నొప్పి మాయమైందంటే, మొహం గుండ్రంగా ఉబ్బితే, అందులో స్టెరాయిడ్ కలిపి ఉందేమోనని అనుమానించండి. అప్పుడు కూడా ఒక్కసారిగా ఆపించొద్దు, పొట్లం పట్టుకుని ఆ రోజే ఆసుపత్రికి వెళ్లమనండి.