పాత లక్ష్యాల పద్దు – మూడో పాఠం: తెగిన చోటు వెతకడం, లక్ష్యాన్ని తేలిక చేయడం

కిందటి పాఠంలో నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా మూడు గడులు చేసుకున్నాం. మొదటి గడిలో ఏడాది మొదట్లో అనుకున్న పని. రెండో గడిలో అది ఏ తేదీ దాకా సాగిందో. మూడో గడిలో, ఆగిపోయిన వారంలో ఇంట్లో ఏం జరుగుతోందో. తేదీల కోసం ఫోన్‌లో ఫొటోలు, యూపీఐ చెల్లింపులు, ఆసుపత్రి చీటీలు, పిల్లల స్కూల్ డైరీ తిరగేయమన్నాను. జ్ఞాపకాన్ని అడిగితే "ఈ ఏడాది ఏమీ చేయలేదు" అనే చెబుతుంది. తేదీలను అడిగితే అంత కఠినంగా మాట్లాడవు.

ముందుకు వెళ్ళే ముందు మూడో గడి ఒకసారి చూసుకోండి. అక్కడ బద్ధకం, క్రమశిక్షణ లేదు, నా వల్ల కాదు లాంటి మాటలు ఉంటే కొట్టేయండి. బద్ధకం అనేది తీర్పు, కారణం కాదు. దాన్ని పట్టుకుని వచ్చే ఏడాదికి ఏం మార్చుకోవాలో తెలియదు. "ఫిబ్రవరి రెండో వారం, అత్తయ్యకు కంటి ఆపరేషన్" అని ఉంటే మాత్రం చాలా తెలుస్తుంది. ఆ మాటలు కొట్టేశాక గడి ఖాళీ అయిపోతే అలాగే వదిలేయండి. తర్వాత గుర్తొస్తుంది.

ఈ పాఠంలో ఆ పేజీని చదవడం నేర్చుకుంటాం.

తెగిన చోటు

నా పేజీతోనే చూపిస్తాను. 2022 జనవరిలో నేను రాసుకున్నది: "రోజూ ఉదయం 5 గంటలకు లేచి గంట నడక, 10,000 అడుగులు." రెండో గడి: జనవరి 3 నుంచి 11 దాకా, తొమ్మిది రోజులు. 12న సంక్రాంతికి ఊరు వెళ్ళాం. తిరిగొచ్చాక 19, 20 తేదీల్లో నడిచాను. అంతే, ఆగిపోయింది. తర్వాత రెండేళ్ళూ అదే లైను మళ్ళీ రాశాను, రెండేళ్ళూ జనవరిలోనే ఆగింది. నాకు పట్టుదల లేదనే అనుకున్నాను. ఆ మాట ఇంట్లో పైకి కూడా అనేదాన్ని, పిల్లలు వింటుండగా.

మూడో గడి నింపడానికి కూర్చున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. మా వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఉదయం 5 నుంచి ఆరుంబావు దాకా. బిందెలు పట్టాలి, మోటారు వేసి ట్యాంకు నింపాలి. ఏడున్నరకు ఆటో వచ్చేలోపు మూడు క్యారేజీలు కట్టాలి. మరి ఆ తొమ్మిది రోజులు ఎలా నడిచాను? అప్పుడు మా అమ్మ మా ఇంట్లో ఉంది. నీళ్ళ పని ఆవిడ చూసుకుంది. సంక్రాంతికి మాతోపాటు ఊరు వచ్చి అక్కడే ఉండిపోయింది. అంటే తెగింది నా పట్టుదల కాదు. అమ్మ తిరిగి రాలేదు, అంతే. ఈ ఒక్క సంగతి తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. తెలిసిన రోజున చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

అందుకే మీకు గట్టిగా చెప్పేది ఇది. ఆగిపోయిన వారాన్ని ఎంత శ్రద్ధగా చూస్తారో, సాగిన రోజుల్ని కూడా అంత శ్రద్ధగా చూడండి. ఆ రోజుల్లో ఎవరి చెయ్యి కలిసింది? డబ్బు సర్దుబాటు ఎలా ఉంది? సెలవులా, ఆఫీసు పని తక్కువగా ఉందా? పని సాగడానికీ కారణం ఉంటుంది. అది తెలిస్తే దాన్ని మళ్ళీ కల్పించుకోవచ్చా లేదా అని ఆలోచించగలం.

ఇంకొకటి కూడా గమనించండి. జనవరి 1న మొదలైన పనికి రెండో వారంలోనే సంక్రాంతి ఎదురొస్తుంది. సంచులు సర్దుకోవడం, బస్సు, చుట్టాలు, పిండివంటలు. అది దాటేసరికి పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో పరీక్షల టెన్షన్. తర్వాత ఒంటిపూట బడులు, ఎండలు. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు. శ్రావణంలో వ్రతాలు, పేరంటాలు, ఆ తర్వాత దసరా, కార్తీకం. పన్నెండు నెలలూ ఒకే తీరుగా సాగే ఏడాది మన ఇళ్ళలో ఉండదు. "రోజూ, ఏడాదంతా" అని రాసుకున్న లక్ష్యం ఆ లేని ఏడాది కోసం రాసుకున్నది. చాలామంది పేజీల్లో తెగిన చోట్లు ఈ మలుపుల దగ్గరే కనిపిస్తాయి. కావాలంటే కొత్త పనిని సంక్రాంతి నుంచి వచ్చాకే మొదలుపెట్టండి, లేదా ఉగాదికి. మనకు ఏడాదిలో రెండు కొత్త సంవత్సరాలున్నాయి. రెండోదాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

ఈ కొలత ఎవరిది?

ఇప్పుడు మొదటి గడికి రండి. అక్కడ అంకెలుంటే, ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. నా 10,000 అడుగులనే తీసుకోండి. ఆ అంకెను ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కించే ఒక పరికరాన్ని అమ్మకానికి పెట్టారు. దాని పేరు మంపో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. ఒక వస్తువును అమ్మడానికి పెట్టిన పేరులోని అంకె అలా లోకమంతా పాకింది. 2019లో పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది అమెరికన్ మహిళల అడుగుల లెక్కలు ప్రచురించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు స్పష్టంగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. ఆ లెక్క పెద్ద వయసు ఆడవాళ్ళది, అందరికీ అదే వర్తిస్తుందని అనను. కానీ 4,500 అడుగులు నడిచిన రోజున "ఇవాళ కూడా కాలేదు" అని నేను పడుకున్న రాత్రులు ఎన్నో. ఆ రోజులన్నీ నిజానికి జమ వైపు రాయాల్సినవి.

మీ పేజీలోనూ ఇలాంటివి ఉంటాయి. ఏడాదికి 50 పుస్తకాలు అనేది స్నేహితురాలు పెట్టుకున్న లెక్క కావచ్చు. పది కిలోలు తగ్గాలనేది పెళ్ళిలో ఎవరో అన్న మాట వల్ల వచ్చింది కావచ్చు. ఒక్కో లక్ష్యం పక్కన అది ఎవరి మాటో పెన్సిల్‌తో రాయండి. "నాది" అని రాయగలిగినవి మూడో నాలుగో మిగులుతాయి. ఇక నుంచి వాటితోనే పని.

చెడ్డరోజు కొలత

లక్ష్యాలు రాసుకునేటప్పుడు మనం మన మంచిరోజును ఊహించుకుంటాం. ఒంట్లో బాగుంటుంది, కరెంటు ఉంటుంది, ఎవరూ రారు. మీరు చేయాల్సింది దీనికి తిరగేసి. గడిచిన నెలలో మీకు అన్నిటికంటే బరువైన రోజు ఏది? ఆ తేదీ రాయండి. ఆ రోజున ఈ పని ఎంత చేయగలిగేవారు? గంట కాకపోతే పది నిమిషాలా, ఐదా? ఆ వచ్చిన అంకే మీ కొత్త లక్ష్యం. మంచిరోజున ఎక్కువ చేస్తే అది అదనపు జమ. చేయకపోతే బాకీ ఏమీ లేదు.

నా నడకను ఇలా కొలిచాను. ఉదయం అనే మాట పూర్తిగా తీసేశాను. సాయంత్రం చిన్నవాణ్ణి ట్యూషన్‌లో దింపాక నేరుగా ఇంటికి రాకుండా వీధి చివరి గుడి దాకా వెళ్ళి వస్తాను, పదిహేను నిమిషాలు. వారానికి నాలుగు రోజులు. వానపడితే మేడమీద వరండాలో ఐదు నిమిషాలు. ఇది రాసుకున్నప్పుడు చాలా చిన్నదిగా, కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. మీకూ అలా అనిపిస్తే కొలత సరిగ్గా వచ్చినట్టే.

"దింపాక" అన్న మాట గమనించారా? కొత్త పనిని గడియారానికి కాకుండా, ఇంట్లో ఎలాగూ జరిగే ఒక పనికి ముడివేయాలి. పాలు పొయ్యి మీద పెట్టాక, కుక్కర్ దింపాక, బస్సులో సీటు దొరికాక. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే అనుకోవడం ఎంత ఉపయోగమో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరంగా రాశాడు. ఐదు గంటలు అనేది మనం లేచినా లేవకపోయినా గడిచిపోతుంది. కుక్కర్ మాత్రం మనం దింపితేనే దిగుతుంది.

ఒకరోజు తప్పితే? చాలామంది పేజీల్లో అసలు తెగిన చోటు ఇదే. ఒక్కరోజు తప్పుతుంది, "ఇక పోయింది" అని వదిలేస్తారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలు గమనించారు. మధ్యాహ్నం పండు తినడం, కాసేపు పరుగెత్తడం లాంటి చిన్న పనులు అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ మనిషి మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది (12 వారాలు దాటిన అంకెలు, అప్పటిదాకా చూసినదాన్ని బట్టి కట్టిన అంచనాలు). మధ్యలో ఒకరోజు తప్పిపోవడం అలవాటు కుదరడాన్ని చెప్పుకోదగ్గంతగా దెబ్బతీయలేదు. 254 అంటే ఎనిమిది నెలల పైమాట. ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటు కాలేదని తమను తాము తిట్టుకునేవాళ్ళు ఈ అంకెను గోడ మీద రాసుకోవాలి.

మానేస్తాను అనే మాట

మీ పేజీలో "మానేస్తాను", "తగ్గిస్తాను" అనేవి ఉంటే వాటిని "చేస్తాను" వైపు తిప్పి రాయండి. స్వీడన్‌లో 1,066 మంది నూతన సంవత్సర నిర్ణయాలను 2017 అంతా గమనించి 2020లో ఫలితాలు వెల్లడించారు. ఏదో ఒకటి చేస్తామనుకున్నవాళ్ళలో ఏడాది చివర 58.9 శాతం మంది నిలబడ్డామన్నారు. ఏదో ఒకటి మానేస్తామనుకున్నవాళ్ళలో 47.1 శాతం. "బయట తిండి మానేస్తాను" బదులు "వారానికి ఐదు రాత్రులు ఇంట్లో వండింది తింటాను". "ఫోన్ చూడటం తగ్గిస్తాను" బదులు "పడుకునేముందు ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి నాలుగు పేజీలు చదువుతాను".

ఇక్కడ ఒక జాగ్రత్త. తేలిక చేయకూడనివి కొన్ని ఉంటాయి. బీపీ మాత్ర వారానికి నాలుగు రోజులు అని తగ్గించుకోవడం కుదరదు. బ్యాంకు వాయిదా, డాక్టరు చెప్పిన పరీక్షలు కూడా అంతే. అవి ఈ పేజీలో ఉంటే వేరే కాగితం మీదికి మార్చి, గుర్తుచేసే బాధ్యత ఇంట్లో ఇంకొకరికి కూడా అప్పజెప్పండి.

కొట్టేయడం

ఇది అన్నిటికంటే కష్టమైన భాగం. తొందరపడకండి.

2018లో నేను దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు కట్టాను. మొదటి ఏడాది పరీక్షలు రాశాను. రెండో ఏడాది నాన్నకు పక్షవాతం వచ్చింది. చదువు ఆగింది. ఆ తర్వాత ప్రతి జనవరిలో నా పేజీలో మొదటి లైను అదే: ఎం.ఏ. పూర్తిచేయాలి. పుస్తకాలు బీరువా పైన, కనబడేలా పెట్టుకున్నాను. చూసినప్పుడల్లా అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు ఉండేది.

కొన్నేళ్ళ తర్వాత నన్ను నేను ఒక ప్రశ్న అడిగాను. ఈ కోరిక ఇంతకుముందు లేకుండా, ఇవాళే కొత్తగా వస్తే రాసుకుంటానా? జవాబు లేదు అని వచ్చింది. నాకు కావలసింది పట్టా కాదు, పద్యాలు చదువుకోవడం. ఎర్ర ఇంకుతో గీత గీసి తేదీ వేశాను. కింద, ఆ పని నాకు ఇచ్చినదేమిటో రాశాను: ఛందస్సు కొంత వచ్చింది, ఒక స్నేహితురాలు దొరికింది, నాన్న మంచం పక్కన కూర్చుని పైకి చదివిన పద్యాలున్నాయి. రాస్తుంటే ఏడుపొచ్చింది. పుస్తకాలు మా వీధిలో ఎం.ఏ. చదువుతున్న అమ్మాయికి ఇచ్చేశాను. ఇప్పుడు ఆదివారాలు ఆ స్నేహితురాలూ నేనూ ఫోన్‌లో రెండు పద్యాలు చదువుకుంటాం.

మొండి బాకీలను వ్యాపారులు కూడా ఏదో ఒక రోజున పద్దులోంచి తీసేస్తారు. తీసేశాకే దుకాణంలో నిజంగా ఎంతుందో తెలుస్తుంది. మీరు కొట్టేసే ప్రతి లక్ష్యం కిందా ఈ రెండూ రాయండి: తేదీ, అది మీకు ఇచ్చినది. ఒకవేళ ఆ ప్రశ్నకు "రాసుకుంటాను, కానీ ఇప్పుడు కాదు" అని జవాబు వస్తే దాన్ని కొట్టేయకండి. నోట్‌బుక్ చివరి పేజీలో "ఈ ఏడాది కాదు" అని శీర్షిక పెట్టి అక్కడికి మార్చండి. పసిబిడ్డ ఉన్న తల్లులకు, ముసలి తల్లిదండ్రులను చూసుకుంటున్నవాళ్ళకు ఆ పేజీయే పెద్దదిగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఈ వారం పని

సోమ, మంగళవారాల్లో మూడో గడిని సరిచేసుకోండి, సాగిన రోజుల కారణాలు కూడా చేర్చండి. బుధవారం ఒక్కో లక్ష్యం పక్కన అది ఎవరి మాటో రాయండి. గురువారం కొట్టేసేవి కొట్టేయండి. ఆ రోజు ఇంకేమీ చేయకండి. శని, ఆదివారాల్లో మిగిలినవాటిలోంచి రెండే రెండు తీసుకుని ఈ తీరులో తిరగరాయండి: "ఫలానాది అయ్యాక, ఫలానా పని, ఇన్ని నిమిషాలు, వారానికి ఇన్ని రోజులు. చెడ్డరోజున ఇంత."

రాసినదాన్ని ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. "ఇంతేనా?" అంటారేమో. అన్నా అంకె మార్చకండి. వచ్చే పాఠంలో నెలాఖరున ఈ రెండు లైన్లను ఎలా చూసుకోవాలో, పండక్కి ఊరెళ్ళి వచ్చాక మళ్ళీ ఎక్కడ అందుకోవాలో చూద్దాం. ఆ రోజుకు ఎర్ర గీతలున్న ఈ పేజీని చింపకుండా ఉంచండి, దానితో పని ఉంది.