నా అనుభవం: నడుము విరవకుండానే తగ్గిన డిస్కు నొప్పి

డాలస్‌లో ఉంటున్న నాకు గత శీతాకాలంలో నడుము నుంచి ఎడమ పిక్క దాకా లాగే నొప్పి మొదలై, కారు దిగాక నిటారుగా నిలబడడానికే రెండు నిమిషాలు పట్టేది. మాత్రలు, వేడి కాపడం, నడుము బెల్టు, కొత్త పరుపు ఏవీ ఫలించలేదు.

ఎమ్మారైలో ఎల్4–ఎల్5 డిస్కు (నడుములోని 4, 5 వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బిందని తేలాక, డాక్టరును అడిగే, ఫ్లెక్షన్-డిస్ట్రాక్షన్ (వంగే బల్లపై వెన్నును మెల్లగా వంచి సాగదీసే పద్ధతి) చేసే కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నుకు చికిత్స చేసేవారు) దగ్గరికి వెళ్లాను. టప్పున శబ్దం వచ్చేలా విరవడం ఇందులో ఉండదు. నా భయమంతా దాని గురించే. బోర్లా పడుకోబెట్టి, ముందు కొద్దిగా మాత్రమే సాగదీసి, కాలిలోకి నొప్పి పాకడం లేదని అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాతే ఉబ్బిన డిస్కుకు పైనున్న వెన్నుపూసను అరచేతితో అదిమిపట్టి, బల్లలో కాళ్లవైపు సగాన్ని మెల్లగా నేలవైపు వంచుతూ, ఒక్కొక్కటి 4 సెకన్ల చొప్పున 5 సార్లు, మధ్యలో విరామమిస్తూ 3 విడతలు చేశారు.

నాలుగోసారి వెళ్లేసరికి నొప్పి పిక్క వదిలి తొడకు చేరింది. ఆరో వారానికి నడుములోనే కాస్త మిగిలింది. రోజూ నడిచాను కూడా. పైగా ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది కనుక, అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. మూత్రంపై పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా మాత్రం ఈ బల్ల ఎక్కకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.